కండ బలం, గుండె లయ: ఫైబ్రోమయాల్జియా ఉన్నవారికి బరువుల వ్యాయామం ఏమి చేస్తుంది?

మూడు నెలలు దాటినా విడవని నొప్పి. అది ఒక కీలుకో ఒక కండకో పరిమితం కాదు. మెడ, భుజాలు, వీపు, నడుము, తొడలు అన్నింటా పరచుకొని ఉంటుంది. రాత్రి ఎనిమిది గంటలు పడుకున్నా తెల్లవారి లేచేసరికి మూటలు మోసినట్లే ఉంటుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ మాట మరచిపోవడం, చదివినది మనసుకు ఎక్కకపోవడం దీనికి తోడవుతాయి. వైద్యుని వద్దకు వెళితే రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు అన్నీ సక్రమంగానే ఉన్నాయని తేలుతుంది. "మీకు ఏమీ లేదు" అన్న మాట విని ఇంటికి వచ్చిన స్త్రీకి నొప్పితో పాటు మరొక భారం కూడా మీద పడుతుంది. ఇంటివారు ఆమె మాట నమ్మరు. కొంతకాలానికి ఆమెకే తన మాట మీద నమ్మకం సడలుతుంది.

ఈ లక్షణ సముదాయానికి వైద్యశాస్త్రం పెట్టిన పేరు ఫైబ్రోమయాల్జియా. జనాభాలో నూటికి సుమారు 2 నుండి 4 మందికి ఇది ఉంటుందని వివిధ దేశాలలో వేసిన అంచనాలు చెబుతున్నాయి. పురుషులకంటే స్త్రీలలో ఎక్కువగా గుర్తిస్తున్నారు. ఇది ప్రాణం తీసే వ్యాధి కాదు, కీళ్లను వంకర చేసేదీ కాదు. అయినా మనిషిని క్రమంగా మంచానికి, ఆ తరువాత భయానికి అలవాటు చేస్తుంది. కదిలితే నొప్పి పెరుగుతుందేమోనన్న ఆ భయమే ఈ వ్యాసానికి మూలం. ఎందుకంటే ఈ వ్యాధికి నేడు అన్నింటికంటే గట్టిగా సిఫారసు చేస్తున్న చికిత్స కదలికయే.

షోలాపూర్ తెలుగువారికి ఈ విషయంలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. మన భాషలో నొప్పికి ఎన్నో పేర్లున్నాయి: సలుపు, పోటు, పీకుడు, గుంజుడు, మంట, తిమ్మిరి. వైద్యునికి వీటిలో ప్రతిదీ ఒక ఆధారమే. మంట, తిమ్మిరి అంటే నరాల వైపు ఆలోచిస్తాడు. పోటు అంటే కీలు, వాపు వైపు చూస్తాడు. దవాఖానాలో మరాఠీలో చెప్పవలసి వచ్చేసరికి ఇవన్నీ కలిసి "దుఖతంయ్" అన్న ఒక్క మాటగా మిగులుతాయి. చెప్పినది తక్కువైతే విన్నది కూడా తక్కువే అవుతుంది.

ఇంకొక చిక్కు వృత్తికి సంబంధించినది. రోజంతా ఒకే భంగిమలో కూర్చొని బీడీలు చుట్టే స్త్రీలకు, తువ్వాళ్ల అంచులు కుట్టేవారికి, మరమగ్గాల వద్ద గంటల తరబడి నిలబడేవారికి మెడ, నడుము, వేళ్లు నొప్పి పుట్టడం సహజం. అది పనివల్ల వచ్చిన నొప్పి. పని తీరు మార్చినా, విశ్రాంతి తీసుకున్నా ఎంతో కొంత తగ్గుతుంది. ఫైబ్రోమయాల్జియా అలా తగ్గదు. అందుచేత ప్రతి ఒళ్లు నొప్పికీ ఈ పేరు తగిలించరాదు. దీర్ఘకాలపు విస్తృతమైన నొప్పిని "బీడీ పని చేస్తే అంతే" అని కొట్టిపారవేయనూ రాదు. రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చు కూడా.

ఈ వ్యాధి పేరు చరిత్ర కొంచెం తెలుసుకోదగినది. 1904లో ఆంగ్ల వైద్యుడు విలియం గోవర్స్ ఇటువంటి నొప్పులకు ఫైబ్రోసైటిస్ అని పేరు పెట్టాడు. కండరాల మధ్యనున్న నారపొరలు వాచి ఉంటాయని ఆ పేరుకు అర్థం. తరువాత వెదికినవారికి ఆ వాపు కనిపించలేదు. 1976 నుండి ఫైబ్రోమయాల్జియా అన్న పేరు స్థిరపడింది. వాపును సూచించే అంత్యభాగం పోయి నొప్పిని సూచించేది వచ్చింది. 1990లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ దేహం మీద 18 చోట్లను నిర్ణయించి, వాటిలో కనీసం 11 చోట్ల నొక్కితే నొప్పి పుట్టాలన్న నియమం పెట్టింది. 2010లో ఆ నొక్కి చూసే లెక్కను పక్కనబెట్టి, నొప్పి ఎన్ని భాగాలలో ఉంది, అలసట, నిద్ర, జ్ఞాపకశక్తి ఎంత దెబ్బతిన్నాయి అన్న వాటిని లెక్కకు తెచ్చారు. ఒక్క రక్తపరీక్షతో దీనిని నిర్ధారించడం నేటికీ సాధ్యం కాదు. పరీక్షలు చేయించేది థైరాయిడ్ లోపం, కీళ్లవాతం, విటమిన్ డి కొరత వంటి ఇతర కారణాలు లేవని తెలుసుకోవడానికి.

మరి లోపం ఎక్కడ? నొప్పి వార్తను మోసే, పెంచే, తగ్గించే నాడీ వ్యవస్థలో. 2002లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశోధనలో బొటనవేలి గోటి మీద ఒత్తిడి పెడుతూ మెదడు చిత్రాలు తీశారు. ఆరోగ్యవంతులకంటే ఎంతో తక్కువ ఒత్తిడికే ఈ రోగుల మెదడులో నొప్పికి సంబంధించిన భాగాలు చైతన్యం పొందాయి. అంటే వారు నొప్పిని ఎక్కువ చేసి చెప్పడం లేదు, వారి మెదడుకు అది ఎక్కువగానే చేరుతున్నది. ఇంటివారికి ఈ ఒక్క విషయం చెప్పినా చాలా మేలు.

గుండె ఈ కథలోకి ఎలా వచ్చింది?

ఈ వ్యాధి ఉన్నవారు నొప్పి కాక మరికొన్ని బాధలు చెబుతారు. కూర్చొని లేస్తే కళ్లు తిరగడం, ఏ కారణమూ లేకుండా గుండె దడదడలాడడం, చేతులు చల్లబడడం, చెమటలు పట్టడం, నిద్రలో ఉలికిపడడం. ఇవి ఒకదానికొకటి సంబంధం లేనివిగా కనిపిస్తాయి. కాని వీటన్నిటినీ నడిపేది ఒకే యంత్రాంగం. దానికి స్వయంచోదిత నాడీ వ్యవస్థ అని పేరు. మన ఇష్టంతో పని లేకుండా గుండె వేగాన్ని, రక్తపోటును, చెమటను, జీర్ణక్రియను అది నియంత్రిస్తుంది.

ఆ వ్యవస్థకు రెండు శాఖలు. ఒకటి సహానుభూత నాడీ వ్యవస్థ, సింపథెటిక్ అని వైద్యులు అంటారు. ఆపద వచ్చినప్పుడు, శ్రమ పడినప్పుడు గుండెను పరుగెత్తించి, రక్తనాళాలను బిగించి, దేహాన్ని సిద్ధం చేసేది ఇదే. రెండవది పరసహానుభూత శాఖ. దాని ప్రధాన నాడి వేగస్. అది మెదడు అడుగు భాగం నుండి బయలుదేరి మెడ గుండా గుండెకు, కడుపుకు చేరి, గుండె వేగాన్ని తగ్గించి, విశ్రాంతికి, అరుగుదలకు అనువు కల్పిస్తుంది. వేగస్ ప్రభావం క్షణంలోపే గుండె మీద కనిపిస్తుంది. సింపథెటిక్ ప్రభావం పుట్టడానికీ, చల్లారడానికీ కొన్ని సెకన్లు పడుతుంది. ఈ కాలభేదమే శాస్త్రవేత్తలకు ఒక కొలబద్దను ఇచ్చింది.

మరమగ్గం శబ్దం వినని షోలాపూర్ వాసి ఉండడు. మగ్గం దెబ్బకూ దెబ్బకూ మధ్య వ్యవధి సమానంగా ఉంటేనే బట్ట బాగా వస్తుంది. గుండె కూడా అలాగే కొట్టుకోవాలని మనం అనుకుంటాము. కాని ఆరోగ్యమైన గుండె మగ్గంలా నడవదు. నిమిషానికి 72 సార్లు కొట్టుకునే గుండెలో ఒక దెబ్బకూ తరువాతి దెబ్బకూ మధ్య వ్యవధి ఒకసారి కొంచెం తగ్గుతుంది, ఒకసారి కొంచెం పెరుగుతుంది. ఊపిరి పీల్చినప్పుడు వేగం పెరిగి, వదలినప్పుడు తగ్గుతుంది. సెకనులో వెయ్యవ వంతులతో కొలిచే ఈ హెచ్చుతగ్గులను హార్ట్ రేట్ వేరియబిలిటీ అంటారు. మనం స్పందన వ్యత్యాసం అనుకుందాము. విశ్రాంతిలో ఈ వ్యత్యాసం తగినంత ఉన్నదంటే వేగస్ చురుకుగా గుండెను సర్దుతున్నదని అర్థం. మరీ తక్కువైతే ఆ సర్దుబాటు మందగించిందని అర్థం. గుండె లయ తప్పి కొట్టుకునే వ్యాధులు వేరు. వాటితో దీనిని కలపరాదు.

ఫైబ్రోమయాల్జియా ఉన్నవారిలో ఈ వ్యత్యాసం సగటున తక్కువగా ఉన్నట్లు అనేక దేశాలలో కొలిచి చూశారు. 1998లో మెక్సికో పరిశోధకులు రోగులకు 24 గంటలపాటు గుండె స్పందనలను నమోదు చేసే యంత్రం అమర్చి చూడగా, రాత్రి నిద్రవేళలో తగ్గవలసిన సింపథెటిక్ ప్రాబల్యం తగ్గకుండా కొనసాగుతున్నట్లు కనిపించింది. పగలు కాపలా కాసినవాడు రాత్రి కూడా కునుకు తీయనట్లన్నమాట. తెల్లవారి లేచినా అలసట తీరదన్న రోగుల మాటకు ఇందులో ఒక వివరణ దొరుకుతుంది. లేచి నిలబడినప్పుడు దేహం చేయవలసిన సర్దుబాటు కూడా వారిలో కొంత మందకొడిగా ఉంటుంది. మామూలుగా మెడలోని ధమనులలో, గుండె నుండి బయలుదేరే బృహద్ధమనిలో ఉన్న గ్రాహకాలు రక్తపోటు తగ్గిన క్షణాన మెదడుకు తెలియజేస్తాయి. గుండె వేగం పెరిగి రక్తపోటు నిలబడుతుంది. ఈ ఏర్పాటు చురుకుగా లేనప్పుడు కళ్లు తిరుగుతాయి.

అయితే ఇది నొప్పికి కారణమా, నొప్పి ఫలితమా అన్నది తేలని ప్రశ్న. నిరంతరం నొప్పిలో ఉన్న మనిషి నాడులు ఎప్పుడూ అప్రమత్తంగానే ఉంటాయి. నిద్రలేమి వేగస్‌ను బలహీనపరుస్తుంది. ఏళ్ల తరబడి కదలకుండా ఉండడం కూడా అదే పని చేస్తుంది. నొప్పికి ఇచ్చే కొన్ని మందులు సైతం స్పందన వ్యత్యాసాన్ని తగ్గిస్తాయి. ఒకదానినొకటి తరిమే చక్రం ఇది. చక్రాన్ని ఎక్కడో ఒకచోట ఆపగలిగితే చాలునన్న ఆలోచనతోనే వ్యాయామాన్ని పరీక్షించారు.

బరువు ఎత్తినప్పుడు లోపల జరిగేది

కండ బిగించి బరువు ఎత్తిన క్షణంలో వేగస్ తన పట్టు సడలిస్తుంది, గుండె వేగం పెరుగుతుంది. బిగింపు కొనసాగితే కండలోని సన్నని నాడులు అక్కడ పేరుకొంటున్న రసాయనాల వార్తను మెదడుకు పంపుతాయి. సింపథెటిక్ రంగంలోకి దిగి రక్తపోటు పెంచుతుంది. బరువు దించిన తరువాత వేగస్ తిరిగి వచ్చి గుండెను శాంతింపజేస్తుంది. ఆరోగ్యవంతులలో ఈ రాకపోకలు వేగంగా జరుగుతాయి. ఫైబ్రోమయాల్జియా ఉన్న స్త్రీలను ట్రెడ్‌మిల్ మీద నడిపించి పరీక్షించిన బ్రెజిల్ వైద్యులు 2011లో రెండు లోపాలు చూపారు. శ్రమకు తగినంతగా గుండె వేగం పెరగలేదు. శ్రమ ఆగిన తరువాత త్వరగా తగ్గనూ లేదు.

ఇక నొప్పి సంగతి. ఆరోగ్యవంతుడు ఒక కండను కొంతసేపు బిగించి ఉంచితే ఆ సమయంలో నొప్పిని ఓర్చుకొనే శక్తి పెరుగుతుంది. మెదడు పైనుండి నొప్పి వార్తను అణచివేస్తుంది. స్వీడన్ పరిశోధకులు 1996లోనే చూపినదేమంటే, ఫైబ్రోమయాల్జియా ఉన్నవారిలో దీనికి విరుద్ధంగా బిగించిన సమయంలో నొప్పి సులభంగా పుట్టింది. వ్యాయామం మొదలుపెట్టగానే "నొప్పి పెరిగింది, ఇది నాకు పడదు" అని మానివేసే స్త్రీ అబద్ధం చెప్పడం లేదు. ఆమెకు ఎవరూ ముందుగా చెప్పని ఒక నిజాన్ని ఆమె దేహం చెబుతున్నది. మొదటి వారాలలో నొప్పి కొంత పెరగవచ్చునని, అది కండ చెడిపోతున్నదనడానికి గుర్తు కాదని ముందే తెలిసినవారే నిలబడి కొనసాగించగలుగుతారు. ఈ వ్యాసమంతటిలో ఈ ఒక్క వాక్యాన్ని కత్తిరించి గోడకు అంటించుకోవలసినదని నా అభిప్రాయం.

బలం పెరగడం వలన దేహానికి దక్కే లాభం మరొకటి ఉంది. అది లెక్క వంటిది. ఒక స్త్రీ తన శక్తి మేరకు ఒక్కసారి ఎత్తగలిగినది 15 కిలోలు అనుకుందాము. నీళ్లు వచ్చే రోజున ఆమె ఎత్తవలసిన బిందె 12 కిలోలు ఉంటే, ప్రతి బిందెకూ ఆమె తన శక్తిలో నూటికి 80 వంతులు ఖర్చు చేస్తున్నది. ఆమె బలం 24 కిలోలకు పెరిగితే అదే బిందె సగం శక్తితో లేస్తుంది. బిందె మారలేదు, దేహానికి అది పంపే హెచ్చరిక మారింది. శక్తిలో ఎక్కువ భాగం వాడినకొద్దీ సింపథెటిక్ ఎక్కువగా లేస్తుంది, గుండె ఎక్కువగా కొట్టుకుంటుంది. కాబట్టి బలం పెరిగినవారికి మెట్లెక్కడం, నేల మీది నుండి లేవడం, పిల్లను ఎత్తుకోవడం ఇవన్నీ చిన్న చిన్న ఆపదలుగా ఉండడం మానివేస్తాయి. నాడులకు రోజులో దక్కే ప్రశాంతత ఆ మేరకు పెరుగుతుంది.

పరీక్షలలో తేలినది, తేలనిది

2008లో అమెరికాలోని ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయం నుండి వెలువడిన ఒక అధ్యయనం ఈ రంగంలో ఆశ రేకెత్తించింది. ఫైబ్రోమయాల్జియా ఉన్న 10 మంది స్త్రీలు 16 వారాలపాటు వారానికి రెండుసార్లు బరువులతో వ్యాయామం చేశారు. మొదట వారి గుండె వేగం ఆరోగ్యవంతులకంటే ఎక్కువగా, స్పందన వ్యత్యాసం తక్కువగా ఉండేది. 16 వారాల తరువాత స్పందన వ్యత్యాసం పెరిగింది, వేగస్ చురుకుదనం మెరుగుపడింది, బలం పెరిగింది, నొప్పి తగ్గింది. చదవడానికి ఎంతో సంతృప్తికరమైన ఫలితం.

అయితే పది మంది చాలా తక్కువ. వ్యాయామం చేయని రోగుల జట్టుతో పోల్చి చూడనూ లేదు. రెండేళ్ల తరువాత, 2010లో, ఆ బృందంలోని వారే కొందరు 12 వారాల వ్యాయామంతో మరొక అధ్యయనం ప్రచురించారు. ఈసారి బలం పెరిగింది, వ్యాధి తీవ్రత తగ్గింది, కాని గుండె మీది నాడుల నియంత్రణలో మార్పు కనబడలేదు. 2014లో బ్రెజిల్‌లో ఇంతకంటే పెద్ద అధ్యయనం జరిగింది. 80 మంది స్త్రీలను చీటీలు తీసినట్లుగా రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుకు కండబలం పెంచే వ్యాయామాలు, మరొక జట్టుకు దేహాన్ని సాగదీసే వ్యాయామాలు 16 వారాలపాటు చేయించారు. బలం పెంచే జట్టుకు నొప్పి తొందరగా, ఎక్కువగా తగ్గింది. స్పందన వ్యత్యాసం మాత్రం ఏ జట్టులోనూ మారలేదు.

కాబట్టి నిజాయితీగా చెప్పవలసినది ఇది. బరువుల వ్యాయామం గుండె మీది నాడీ నియంత్రణను తప్పక బాగుచేస్తుందని నేటి ఆధారాలతో చెప్పలేము. నొప్పి తగ్గడానికీ బలం పెరగడానికీ అది సాయపడుతుందని మాత్రం చెప్పగలము. 2015లో స్వీడన్‌లో 130 మంది స్త్రీలతో చేసిన అధ్యయనంలో 15 వారాల క్రమవృద్ధి వ్యాయామం, విశ్రాంతి శిక్షణకంటే బలంలోనూ నొప్పిలోనూ మంచి ఫలితమిచ్చింది. ఏడాది దాటిన తరువాత మళ్లీ చూస్తే ఆ లాభాలు నిలువలేదు. మానివేసినవారికి నిలువకపోవడంలో ఆశ్చర్యం లేదు. అంతకుముందు 2013లో కాక్రేన్ సంస్థ 5 అధ్యయనాలను, వాటిలోని 219 మంది స్త్రీలను కలిపి పరిశీలించి, మేలు ఉన్నదని, అయితే ఆధారాల నాణ్యత ఇంకా తక్కువేనని చెప్పింది. 2017 నాటి యూరోపియన్ మార్గదర్శకాలలో మందులతో సహా అన్ని చికిత్సలలోను "గట్టిగా సిఫారసు" అన్న స్థానం వ్యాయామానికి ఒక్కదానికే దక్కింది.

ఈ ఫలితాలలోని వైరుధ్యం నన్ను నిరాశపరచదు. నొప్పి తగ్గడానికి గుండె లెక్కలు ముందుగా మారనవసరం లేదని బ్రెజిల్ అధ్యయనం పరోక్షంగా చెప్పింది. రోగికి కావలసినది బిందె ఎత్తగలగడం, రాత్రి నిద్రపోగలగడం. ఇటీవల చేతి గడియారాలు ప్రతి ఉదయం స్పందన వ్యత్యాసం అంకెను చూపుతున్నాయి. మన యువకులు ఉద్యోగానికి పుణే, హైదరాబాదు వెళ్లి వస్తూ తల్లికి ఒకటి తెచ్చిపెడుతున్నారు కూడా. ఆ అంకె నిద్రతో, టీతో, జ్వరంతో, మందులతో, నెలసరితో రోజురోజుకూ మారుతుంది. అంకె తగ్గిందని వ్యాయామం మానడం, పెరిగిందని రెట్టింపు చేయడం రెండూ తగవు.

ఎలా మొదలుపెట్టాలి

స్వీడన్ అధ్యయనంలో స్త్రీలు తాము ఒక్కసారి ఎత్తగల గరిష్ఠ బరువులో నూటికి 40 వంతులతో ఆరంభించి, వారాలు గడిచేకొద్దీ నూటికి 80 వంతుల వరకు వెళ్లారు. ఇంటిలో ఈ లెక్క ఇలా చేయవచ్చు: పదిహేను ఇరవై సార్లు తేలికగా ఎత్తగలిగేది ఆరంభపు బరువు. లీటరు నీళ్ల సీసా ఒక కిలో; అరలీటరు సీసాతో మొదలుపెట్టడంలో చిన్నతనమేమీ లేదు.

కుర్చీలో నుండి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం తొడలకు అత్యుత్తమమైన వ్యాయామం. మొదట కుర్చీ మీద రెండు దిండ్లు పెట్టి ఎత్తు పెంచుకోవచ్చు. బలం వచ్చినకొద్దీ దిండ్లు తీసివేయాలి. గోడకు రెండు అరచేతులు ఆనించి మోచేతులు వంచి, తిరిగి నెట్టడం ఛాతీకి, భుజాలకు. గోడ పట్టుకొని మడమలు ఎత్తి దించడం పిక్కలకు. పిక్క కండలు కాళ్లలో నిలిచిన రక్తాన్ని పైకి నెడతాయి కనుక లేవగానే కళ్లు తిరిగేవారికి ఇది ప్రత్యేకంగా అవసరం. సీసాలు పట్టుకొని మోచేతులు మడవడం, ఒక సీసాను నడుము వరకు లాగడం చేతులకు, వీపుకు. ఇంతకుమించి మొదటి రెండు నెలలు అక్కరలేదు. వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు విరామంతో చేయాలి. మిగిలిన రోజులలో నడక మంచిది.

శ్వాస విషయం గుండెకు నేరుగా సంబంధించినది. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టడం చాలామందికి అలవాటు. అలా బిగబట్టితే రక్తపోటు ఒక్కసారిగా పైకి లేచి, వదిలిన తరువాత పడిపోతుంది. నాడీ సర్దుబాటు మందగించినవారికి కళ్లు బైర్లు కమ్ముతాయి. ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి, దించేటప్పుడు పీల్చాలి. పైకి అంకెలు లెక్కపెడుతూ ఎత్తితే ఊపిరి బిగబట్టడం సాధ్యం కాదు. వ్యాయామం అయిన వెంటనే కూర్చుండిపోక, పడుకోక, రెండు మూడు నిమిషాలు మెల్లగా నడవాలి.

నొప్పి పెరిగితే ఏమి చేయాలన్నది అసలు ప్రశ్న. మరుసటి రోజు కొంత సలుపు ఉండి రెండు రోజులలో తగ్గితే అదే బరువుతో కొనసాగించవచ్చు. రెండు రోజులు దాటినా తగ్గకపోతే బరువునో సంఖ్యనో సగానికి తగ్గించాలి, కాని పూర్తిగా మానరాదు. ఇంతకంటే పెద్ద ప్రమాదం బాగున్న రోజున జరుగుతుంది. శ్రావణ పౌర్ణమి మార్కండేయ రథోత్సవం ముందు రోజో, దసరా ముందో, ఒళ్లు తేలికగా ఉన్నదని ఇల్లంతా దులిపి, బట్టలన్నీ ఉతికి, ఆ తరువాత వారం రోజులు మంచం పట్టడం ఈ వ్యాధి ఉన్నవారందరికీ తెలిసినదే. బాగున్న రోజున కూడా నిర్ణయించుకున్న మేరకే చేయడం, బాగులేని రోజున కూడా కొంచెం చేయడం. చెప్పినంత తేలిక కాదు ఇది, ముఖ్యంగా నలుగురి పని ఒక్కరే చేసే ఇండ్లలో.

ఉద్యానవనాలలో బిగించిన ఇనుప వ్యాయామ పరికరాల గురించి కొందరు అడుగుతుంటారు. వాటిలో చాలావరకు మన దేహం బరువునే ఎత్తిస్తాయి. బరువు తగ్గించుకొనే వీలుండదు. కనుక బలహీనంగా ఉన్నవారు వాటితో ఆరంభించకపోవడం మంచిది. చీర కట్టుకొని నలుగురిలో చేయడానికి సంకోచించేవారికి ఇల్లే వ్యాయామశాల. ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు స్త్రీలు కలిసి చేస్తే మానకుండా సాగుతుంది.

వైద్యుని ముందుగా కలవవలసినవారు

నడిచినా ఎత్తినా ఛాతీలో బిగువు వచ్చేవారు, స్పృహ తప్పినవారు, విశ్రాంతిలో రక్తపోటు 180/110 దాటినవారు వైద్యుడు చెప్పేవరకు బరువులు ఎత్తరాదు. కీళ్లు వాచి, ఉదయం గంటకు మించి బిగుసుకొని ఉండడం, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఒక కాలో చేయో పట్టు తప్పడం ఇవి ఫైబ్రోమయాల్జియా లక్షణాలు కావు. వేరే వ్యాధిని వెదకాలి.

మందుల సంగతి కూడా చెప్పుకోవాలి. నొప్పికి, నిద్రకు ఇచ్చే అమిట్రిప్టిలిన్ గుండె వేగాన్ని పెంచుతుంది, లేచినప్పుడు కళ్లు తిరిగేలా చేయవచ్చు. ప్రిగాబలిన్ మగత కలిగిస్తుంది. రక్తపోటుకు బీటా బ్లాకర్ వర్గపు మందు వాడేవారిలో శ్రమకు తగినట్లు నాడి పెరగదు కనుక నాడి లెక్కతో శ్రమను కొలవరాదు. వ్యాయామం చేస్తూ పక్కవారితో వాక్యాలు మాట్లాడగలిగితే శ్రమ తగినంతగా ఉన్నట్లు. స్టెరాయిడ్ మాత్రలు ఈ వ్యాధికి పనికిరావు. అయితే ఇప్పటికే చాలాకాలంగా వాడుతున్నవారు వాటిని తమంతట తాము హఠాత్తుగా ఆపడం ప్రమాదకరం. ఆపే క్రమం వైద్యుడే చెప్పాలి.

దవాఖానాకు వెళ్లే ముందు ఒక కాగితం మీద నొప్పి ఉన్న చోట్లు, ఎంతకాలంగా ఉన్నదీ, నిద్ర ఎలా ఉన్నదీ, వాడుతున్న మందుల పేర్లూ వ్రాసుకోవాలి. మరాఠీ అంతగా రాని పెద్దవారు ఈ మూడు మాటలు చెప్పగలిగితే వైద్యుడు సరియైన ప్రశ్నలు అడగడానికి దారి దొరుకుతుంది. మూడు నెలలుగా ఒళ్లంతా నొప్పి అనడానికి "తీన్ మహిన్యాంపాసూన్ సగళం అంగ దుఖతంయ్". పడుకొని లేచినా అలసట పోవడం లేదనడానికి "ఝోపూన్ ఉఠలం తరీ థకవా జాత్ నాహీ". నిలబడితే కళ్లు తిరుగుతున్నాయనడానికి "ఉభం రాహిలం కీ చక్కర్ యేతే".